50 కేజీల పాత స్ప్రింగ్ హ్యామర్: ఒక సరిహద్దు కొలిమి కేసు

చిన్న వర్క్‌షాపులకు యంత్రాలు ఎంచి, బిగించి, నడిపించి ఇవ్వడం నా వృత్తి. పాత పవర్ హ్యామర్ (వేడి ఇనుమును మోటారు బలంతో కొట్టే యంత్రం) కొనబోయేవాళ్లు అది ఎంత గట్టిగా కొడుతుందో అడుగుతారు. పెడలు మీది నుంచి కాలు తీశాక ఎంతసేపట్లో ఆగుతుందని అడిగినవాళ్లు నాకు దాదాపు తగల్లేదు. ఈ కేసు రాయడానికి కారణం ఆ రెండో ప్రశ్నే. కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకుండా ఊరి పేరు, మనుషుల పేర్లు వదిలేశాను.

నేపథ్యం

ఒడిశాలోని గజపతి జిల్లాలో, పర్లాకిమిడికి అంత దూరం కాని ఒక ఊళ్లో, తరాలుగా కమ్మరి పని చేస్తున్న తెలుగు కుటుంబం ఇది. కొలిమి పెద్దాయనకు 60 దాటాయి. పెద్ద కొడుకు ఐటీఐలో ఫిట్టర్ కోర్సు చదివి తండ్రి దగ్గరే స్థిరపడ్డాడు. గునపాలు, పారలు, కొడవళ్లు, కొండల్లోని సవరలు వాడే టంగియా గొడ్డళ్లు వాళ్ల సరుకు. వారపు సంతల్లో అమ్ముతారు, ఖరీఫ్ ముందు ఇంటికే వచ్చి కొనేవాళ్లూ ఉన్నారు. గునపానికి లావుపాటి గుండ్రటి కడ్డీ, గొడ్డలికి లారీల పాత కమాన్ పట్టీలు వాడతారు.

గిరాకీ ఉంది, పనితనం ఉంది. సమ్మెట వేసే మనుషులే లేరు. గంజాం వైపు నుంచి సూరత్ మరమగ్గాలకు కుర్రాళ్లు వెళ్లడం ఈ ప్రాంతంలో కొత్త సంగతి కాదు. ఈ ఇంట్లో సమ్మెట వేసే మేనల్లుళ్లు కూడా అదే దారి పట్టారు. కమాన్ పట్టీ మామూలు ఇనుములా సులువుగా లొంగదు. వేడి నారింజ రంగులో ఉన్నంతసేపే చెప్పినట్టు వింటుంది, ముదురు ఎరుపుకు దిగిందంటే దెబ్బ తిరిగి చేతికే వస్తుంది. ఆ కొద్ది సమయంలో ఒక్కడు చేతిసుత్తితో చేయగలిగింది తక్కువ.

తెచ్చిన సమస్య

ఆంధ్ర వైపు ఒక పాత సామాను వ్యాపారి యార్డులో రెండు హ్యామర్లు ఉన్నాయి. ఒకటి 150 కేజీల గాలి హ్యామర్, అంటే గాలి ఒత్తిడితో కొట్టేది. రెండోది ర్యామ్ (పైనుంచి దిగి కొట్టే భాగం) బరువు సుమారు 50 కేజీలు ఉండే స్ప్రింగ్ హ్యామర్. దీని పైభాగంలో లారీకి ఉండే లాంటి కమాన్ కట్ట ఉంటుంది, క్రాంక్ దాన్ని ఊపుతుంది, దాని కొనకు వేలాడే ర్యామ్ కిందికి దిగి కొడుతుంది. పెద్దది చవగ్గా వస్తోంది, చిన్నదానికి ధర ఎక్కువ చెబుతున్నారు. పెద్దాయన పెద్దదానికే మొగ్గి కొంత బయానా కూడా ఇచ్చేశారు. మిగతా డబ్బు కట్టేముందు ఒకసారి చూడమని కొడుకు నన్ను పిలిచాడు.

గాలి హ్యామర్‌ను నేను వద్దన్నది అది చెడిపోయిందని కాదు. 150 కేజీల తరగతి గాలి హ్యామర్‌కు మామూలుగా 15 కిలోవాట్ల (దాదాపు 20 హెచ్‌పీ) మోటారు ఉంటుంది. ఈ షెడ్డుకు ఉన్న త్రీ ఫేజ్ కనెక్షన్ 5 హెచ్‌పీ మోటారుకు సరిపోతుంది, సాయంత్రాలు వోల్టేజీ పడిపోతుంది కూడా. పిస్టన్ రింగులు, వాల్వులు అరిగితే సరైన కొలతలో తిరిగి చేయించడానికి దగ్గర్లో చోటు లేదు. అన్నిటికన్నా ముఖ్యం, వాళ్ల ముడిసరుకులో ఏదీ 50 కేజీల దెబ్బకు లొంగనిది కాదు. పల్చటి కొడవలిని 150 కేజీల హ్యామర్ కింద పెడితే పని తొందరగా అవడం మాట అటుంచి సరుకే పాడవుతుంది. స్ప్రింగ్ హ్యామర్‌లో అరిగేవి పిన్నులు, బుష్‌లు, బెల్టు, పట్టీలు. ఇవన్నీ ఆ కొడుకు తన చేతులతో మార్చుకోగలడు. యంత్రం ఎంపికలో నేను అన్నిటికన్నా ఎక్కువ లెక్కలోకి తీసుకునేది అదే.

యార్డులో పరీక్ష

స్ప్రింగ్ హ్యామర్‌కు కొత్తగా ఆకుపచ్చ రంగు వేసి ఉంది. నేమ్ ప్లేటు లేదు. పాత యంత్రం మీద కొత్త రంగు కనిపిస్తే ఆ రంగు కింద ఏముందో చూడకుండా నేను ముందుకు వెళ్లను. పోత ఇనుప ఫ్రేమ్‌లో పగులు ఉంటే కంటికి కనిపించకపోవచ్చు, సుత్తితో తట్టినా ప్రతిసారీ తెలియదు. గొంతు భాగంలో (ఫ్రేమ్ లోపలికి వంగిన చోట), బోల్టు కన్నాల చుట్టూ రంగు గీకించి కిరసనాయిలు పూయించాను. కాసేపు ఆగి పొడిగుడ్డతో బాగా తుడిచి, సుద్దపొడి చల్లాం. పగుల్లోకి దిగిన కిరసనాయిలు తిరిగి పైకి ఊరి సుద్దను తడుపుతుంది. గొంతు దగ్గర సుద్ద తెల్లగానే ఉంది. వెనక వైపు ఒక పునాది బోల్టు కన్నం నుంచి మాత్రం బొటనవేలంత పొడవున తడి గీత తేలింది.

ఇక్కడ కొనాలా మానాలా అన్నది ఆ గీత ఉన్న చోటును బట్టి తేల్చాను. ప్రతి దెబ్బకూ ఫ్రేమ్ గొంతు విప్పారడానికి చూస్తుంది. అక్కడ పగులు ఉంటే ధర ఎంత తగ్గించినా నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. ఇది పాదంలో ఉంది, అదీ బోల్టును అసమానంగా బిగించడం వల్ల వచ్చినదానిలా ఉంది. కొసన చిన్న రంధ్రం వేసి పగులు పాకకుండా ఆపవచ్చు, పాదం మీద మందపాటి ప్లేటు వేసి బిగింపును పంచవచ్చు. పోత ఇనుము మీద ఆర్క్ వెల్డింగు చేయించవద్దని మాత్రం గట్టిగా చెప్పాను. సరైన వేడి, సరైన రాడ్డు లేకుండా వెల్డు చేస్తే పక్కనే కొత్త పగులు పుడుతుంది.

తరువాత కింది దిమ్మ, అంటే ర్యామ్ దెబ్బను కింద ఆపే బరువైన ముద్ద. దెబ్బ బలమంతా ర్యామ్‌లోనే ఉంటుందని అనుకుంటారు గానీ, కింద దిమ్మ తేలికగా ఉంటే దెబ్బలో కొంత ఇనుముకు అందకుండా నేలలోకి పోతుంది. ర్యామ్ బరువుకు కనీసం 10 రెట్లు దిమ్మ ఉండాలని చూస్తాను, 15 ఉంటే ఇంకా మంచిది. కొలిస్తే 400, 400, 450 మిల్లీమీటర్లు వచ్చింది. గట్టి ఉక్కు అయితే దాదాపు 565 కేజీలు, అంటే 11 రెట్లు. లోపల కాంక్రీటు నింపిన పెట్టె కాదని కింది అంచున చిన్న డ్రిల్లు వేయించి చూశాను. గట్టి ఉక్కే.

గైడ్లలో ర్యామ్ 3 మిల్లీమీటర్లు కదులుతోంది, సరిచేయవచ్చు. ఇనుమును తాకే ఉక్కు ముక్కలను డైలంటారు, ర్యామ్‌కు ఒకటి, దిమ్మకు ఒకటి. కింది డై పట్టు వదలకుండా చీలల పక్కన రేకు ముక్కలు కుక్కి ఉన్నాయి. పై డై అంచులు రాలి ఉన్నాయి. రెండు డైలూ కొత్తవి చేయించాలని రాసుకున్నాను.

వ్యాపారి యంత్రాన్ని నడిపి చూపించాడు. చూడటానికి చాలా బాగా ఉంది, టకటకా కొడుతోంది. నాకు అనుమానం వచ్చింది అక్కడే. 1440 ఆర్‌పీఎం మోటారుకు 6 అంగుళాల పుల్లీ, ఫ్లైవీల్ (క్రాంక్‌ను తిప్పే బరువైన చక్రం) 24 అంగుళాలు. లెక్క కడితే నిమిషానికి 360 దెబ్బలు. ఈ పరిమాణం స్ప్రింగ్ హ్యామర్లు 200 నుంచి 250 మధ్య నడవాలి. వేగం ఒకటిన్నర రెట్లయితే కదిలే భాగాల మీద బలం రెండుంబావు రెట్లవుతుంది. పట్టీ విరిగితే ముక్క తల ఎత్తులో ఎగురుతుంది. కొనేవాడి కళ్లకు జోరుగా కనిపించాలని ఎవరో పెద్ద పుల్లీ వేశారు. 4 అంగుళాల పుల్లీ వేస్తే 240 వస్తుంది. బేరం కుదిరాక నేను ఇచ్చిన జాబితాలో మొదటి వరుస అదే.

జాబితాలో ఇంకా పునాది, కొత్త డైలు, పట్టీలకు ఇనుప పంజరం, బెల్టుకు కంచె, ఫ్లైవీల్‌కు బ్రేకు ఉన్నాయి. వీటన్నిటికీ కలిపి యంత్రం ధరలో దాదాపు సగం అవుతుందని ముందే చెప్పాను. చెప్పకపోతే యంత్రం కొనడంతోనే డబ్బు అయిపోతుంది, మిగతావన్నీ వచ్చే ఏడాదికి పోతాయి.

చేసినవి, ఫలించనివి

పునాదిని మొదట వాళ్ల పద్ధతిలో వేశారు. కాంక్రీటు దిమ్మ బాగానే పోశారు గానీ, పైన కర్రకు బదులు పాత కన్వేయర్ బెల్టు రబ్బరును నాలుగు పొరలుగా పరిచారు. అదురు పక్కింటికి వెళ్లకూడదన్నది వాళ్ల ఉద్దేశం, అందులో తప్పు లేదు. కానీ రబ్బరు అంత మందంగా ఉంటే దెబ్బ పడగానే ఉక్కు దిమ్మ దిగుతుంది, వెంటనే పైకి తంతుంది. ఇనుము సాగడం లేదు, బోల్టులు వారం తిరక్కుండా వదులవుతున్నాయి, పక్కింటి గోడ మామూలుగానే అదురుతోంది.

ఖరీఫ్ గిరాకీ తలుపు తడుతుండటంతో బ్రేకు పనిని పక్కన పెట్టారు. బ్రేకు లేకుండా కాలు తీస్తే బెల్టు వదులవుతుంది గానీ, ఫ్లైవీల్ తన ఊపుతో తిరుగుతూనే ఉంటుంది. ఆ ఊపుకు ర్యామ్ ఇంకో రెండు దెబ్బలు వేసి గానీ ఆగదు. దీన్ని సరిచేయడానికి వాళ్లు టెన్షన్ పుల్లీకి (పెడలు తొక్కితే బెల్టును బిగించే చక్రానికి) గట్టి స్ప్రింగు తగిలించారు. పుల్లీ తొందరగా వెనక్కి వచ్చింది, చక్రం మాత్రం ఆగలేదు. ఇదే సమయంలో బెల్టు జారుతోందని దాని మీద రోజనం (జిగట పట్టించే పొడి) చల్లారు. దాంతో బెల్టు చక్రానికి అతుక్కుని, కాలు తీశాక పడే దెబ్బలు ఇంకా పెరిగాయి.

ఒక సాయంత్రం పెద్దాయన పట్టకారుతో గొడ్డలి ముక్క పట్టుకుని ఉన్నారు. పెడలు మీద కాలు కొడుకుది. ముక్క డై మీద కాస్త పక్కకు ఒరిగింది. తండ్రి ఆపమన్నారు, కొడుకు కాలు తీశాడు. తరువాత పడిన దెబ్బకు ముక్క లేచి, పట్టకారు పిడి పెద్దాయన మణికట్టును తాకింది. ఎముక విరగలేదు. చెయ్యి వాచి కొన్నాళ్లు పని ఆగింది. మళ్లీ నన్ను పిలిచింది అప్పుడే.

ఆ రోజు మాట్లాడుకున్నదే ఈ కేసులో అసలు విషయం అని నేను అనుకుంటాను. పెద్దాయన ఉద్దేశంలో తప్పు కొడుకు కాలుది.

"కాలు ఆలస్యంగా తీశాడు బాబూ. సమ్మెట వేసేవాడైతే నా చేతిసుత్తి దాగలి అంచును తాకగానే ఆగేవాడు."

ఆయన మాటలో నిజముంది. వాళ్ల కొలిమిలో ముక్క పట్టేది ఒకరు, సమ్మెట వేసేది ఇంకొకరు. దాగలి అంచు మీద సుత్తి చప్పుడే ఇద్దరి మధ్య భాష. అది తరాలుగా నడిచింది. ఎందుకు నడిచిందంటే సమ్మెట వేసేవాడు ప్రతి దెబ్బకూ చెయ్యి ఎత్తాలి, ఎత్తినప్పుడల్లా చూస్తాడు, చూసి ఆగగలడు. యంత్రం నిమిషానికి 240 దెబ్బలు వేస్తుంది, అంటే సెకనుకు 4. ముక్క కదిలిందని పట్టిన చేతికి తెలిసి, అది నోటికి చేరి, ఆ కేక చప్పుడులోంచి అవతలివాడి చెవిన పడి, అతని కాలు లేచేలోపు నాలుగైదు దెబ్బలు పడిపోతాయి. అదే, పట్టుకున్నవాడి కాలే పెడలు మీద ఉంటే, ముక్క కదిలిన క్షణాన కాలు దానంతట అదే తేలుతుంది. అందుకే నియమం ఒకటే పెట్టాను: ముక్క పట్టినవాడిదే పెడలు. రెండో మనిషి కావాలంటే పొడుగు కడ్డీ చివర మోయడానికి రోలర్ స్టాండు పెట్టుకోవాలి, మనిషి వద్దు.

"నాన్నా, నీ చేతి మాట నీ కాలు వింటుంది, నా కాలు వినదు" అన్నాడు కొడుకు. పెద్దాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మర్నాటి నుంచి ఒక్కరే కూర్చుని చల్లారిన సీసం ముక్కల మీద సాధన మొదలుపెట్టారు. సీసం నేనే వద్దన్నాను, దాని పొడి మంచిది కాదు. బదులుగా వేడిచేసిన మెత్తటి ఇనుప కడ్డీ తుండ్లు ఇచ్చాం.

పనిచేసినవి

బ్రేకు బిగించడానికి వెళ్లినప్పుడు ఫ్లైవీల్ అంచును దగ్గరగా చూశాను. రంగు కింద రెండు వేళ్ల వెడల్పున నున్నగా అరిగిన చార ఉంది. ఫ్రేమ్ మీద దాని పక్కనే ఖాళీ మర రంధ్రాలు రెండు, గ్రీజుతో పూడి ఉన్నాయి. ఈ యంత్రం పుట్టినప్పుడే బ్రేకుతో పుట్టింది. ఎక్కడో, ఎప్పుడో, ఎవరో విప్పేశారు. విడిభాగాల డబ్బాలో పాత బ్రేకు లైనింగు ముక్క కూడా దొరికింది. ఆ కాలపు లైనింగులో ఆస్‌బెస్టాస్ ఉందనే అనుకోవాలి. గ్రైండర్ పెట్టకుండా, గాలితో ఊదకుండా, తడిపి రెండు సంచుల్లో కట్టి పక్కన పెట్టించాను.

కొత్త బ్రేకుకు ఉక్కు పట్టీ లోపల ఆస్‌బెస్టాస్ లేని లైనింగు రివెట్లతో కొట్టించి, చక్రానికి ముప్పావు చుట్టు వేయించాం. దాన్ని బిగించి ఉంచడానికి స్ప్రింగు వాడలేదు, లీవరు చివర ఇనుప బరువు వేలాడదీశాం. స్ప్రింగు ఒకనాడు విరుగుతుంది, విరిగినట్టు తెలిసేది బ్రేకు పడనప్పుడే. బరువు ఎప్పుడూ కిందికే లాగుతుంది. పెడలు తొక్కితే బరువు లేచి బ్రేకు వదులుతుంది, కాలు తీస్తే బరువు దిగి పట్టుకుంటుంది. చక్రం తిరిగే దిశ పట్టీని ఇంకా బిగించేలా కట్టాం.

దీంతో ఒక చిక్కు ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ మరమ్మతు తరువాత ఫేజులు తారుమారైతే మోటారు వెనక్కి తిరుగుతుంది. చూపుకు హ్యామర్ మామూలుగానే కొడుతుంది, కానీ అదే బ్రేకు పట్టు చాలావరకు పోతుంది. అందుకే ఫ్లైవీల్ మీద ఎర్ర బాణం గీయించాను. ప్రతి ఉదయం, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ, మొదట చూడాల్సింది ఆ బాణమే. స్టార్టరు కూడా కరెంటు పోగానే పడిపోయి, మళ్లీ నొక్కితే తప్ప లేవని రకం పెట్టించాం. కరెంటు తిరిగి వచ్చేసరికి డైల మధ్య ఎవరి చెయ్యి ఉంటుందో ఎవరూ చెప్పలేరు.

డైలు మార్చేటప్పుడు ర్యామ్ కింద పెట్టే ఆపుకర్ర గురించి కొడుకు చేసిన ఏర్పాటు నాకు ఎంతో నచ్చింది. మెయిన్ స్విచ్ తాళంచెవిని, సాల్ కర్ర దిమ్మను పొట్టి గొలుసుతో కలిపేశాడు. తాళం వేసి చెవి బయటికి తీస్తే తప్ప దిమ్మ ర్యామ్ కిందికి చేరదు. దిమ్మ అక్కడ ఉన్నంతసేపూ చెవి స్విచ్‌కు అందదు. ఇప్పుడు నేను వెళ్లిన ప్రతి చోటా ఇదే చేయమంటున్నాను.

రబ్బరు తీయించి, ఉక్కు దిమ్మ కింద సాల్ దుంగలను అడ్డంగా ఒక వరుస, నిలువుగా ఒక వరుస పరిచి బోల్టులతో కలిపించాం. కాంక్రీటు కొలత 1.5, 1.2, 1 మీటర్లు, దాదాపు 4.3 టన్నులు. షెడ్డు నేలకూ దీనికీ మధ్య రెండు అంగుళాల సందు వదిలి ఇసుక నింపాం. పక్కింటి గోడకు అదురు బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు హ్యామర్ వేయకూడదని పక్కింటివాళ్లతో ఒప్పందం చేసుకున్నారు. 2000 నాటి శబ్ద నియమాల్లో రాత్రి అంటే ఆ వేళలే.

కొత్త డైలను ఈఎన్24 అనే మిశ్రమ ఉక్కుతో, రాక్‌వెల్ సి (ఉక్కు గట్టిదనాన్ని కొలిచే కొలమానం) 45 దగ్గర గట్టిదనంతో చేయించాం. ఇంకా గట్టిగా ఉంటే ఎక్కువ రోజులు వస్తాయని కొడుకు వాదించాడు. గట్టి డై అరగదు, పెచ్చు ఊడుతుంది. అరిగిన డైని మళ్లీ చదును చేయవచ్చు, పెచ్చు మాత్రం కంటిలోకి వస్తుంది. చలికాలం ఉదయాల్లో డైల మధ్య వేడి ఇనుప ముక్క ఉంచి వాటిని వెచ్చబరిచాకే మొదటి దెబ్బ వేయాలి. మధ్యలో వేడి ఇనుము లేకుండా డై మీద డై కొట్టడం పూర్తిగా మానాలి.

పట్టకారు పిడులు ఒంటికి పక్కగా ఉండాలి, కడుపుకు ఎదురుగా ఎప్పుడూ ఉండకూడదు. ముక్క కింది డై మీద పూర్తిగా ఆనాలి. చెవులకు మఫ్‌లు, కళ్లకు అద్దాలు. పెద్దాయనకు సమ్మెట చప్పుడుతోనే వినికిడి కొంత తగ్గిపోయింది, ఇంకేం మిగిలిందని మఫ్‌లు అన్నారు. మిగిలినదాని కోసమే అన్నాను. పెట్టుకుంటున్నారు.

ఇప్పుడు

గునపం కొనలు, గొడ్డలి రేకులు హ్యామర్ కింద సాగదీసి, రూపు మాత్రం దాగలి మీద చేత్తోనే తీస్తున్నారు. నెలకోసారి పాదం దగ్గర కిరసనాయిలు, సుద్ద పరీక్ష చేస్తున్నారు. ఆపిన రంధ్రం దాటి గీత రాలేదు. వస్తే యంత్రం ఆపి నాకు ఫోన్ చేయాలన్నది మాట.

పోయిన ఖరీఫ్‌కు ముందు కొడుకు మళ్లీ ఒక మాట అడిగాడు. పని పేరుకుపోయింది, ఈ ఒక్క నెలకు పాత పుల్లీ వేసుకోవచ్చా అని. వద్దన్నాను. వాళ్ల ఆలస్యం దెబ్బల సంఖ్య వల్ల కాదు, చదును డై మీద సాగదీయడం వల్ల. చదును డై ఇనుమును అన్ని వైపులకూ నెడుతుంది. కాస్త ఉబ్బెత్తుగా, అడ్డంగా గుండ్రం తిరిగిన డై అయితే ప్రధానంగా పొడవుకే నెడుతుంది, అదే వేగంలో గునపం కొనను తక్కువసార్లు వేడిచేసి తయారుచేయవచ్చు. ఆ డై జత చేయించుకున్నారు. 6 అంగుళాల పుల్లీని తూకానికి అమ్మేయమన్నాను, అమ్మేశారు.